కోదాడ వసారాలో ఫ్రెంచి క్రియలు

మొన్న శుక్రవారం పొద్దున, సూర్యాపేటలో మా అమ్మాయి ఇంట్లో, దేవుని అర్ర గడప దగ్గర కూర్చుని పత్తి ఒత్తులు చేసుకుంటున్నాను. మోకాళ్లు మొరాయించాక ఆ స్వామి నాకు మిగిల్చిన సేవ అదొక్కటే, అదైనా మిగిల్చినందుకు రోజూ దండం పెట్టుకుంటాను. పక్కగదిలో ఇంటరు మొదటి సంవత్సరం చదివే మా మనవరాలు ఫోను ఎదురుగా నిలబెట్టుకుని ఏదో పాఠం వింటోంది. ఫోనులోంచి ఒక ఆడమనిషి సగం నోటితోనూ సగం ముక్కుతోనూ మెత్తగా ఏవో ముక్కలు పలుకుతుంటే, ఈ పిల్ల వెనకే అంటోంది. ఏం చదువే అది అని అడిగితే ఫ్రెంచి అంది. తెలుగు తీసుకుంటే మార్కులు రావనీ, రెండో భాషగా దీన్ని తీసుకున్నాననీ చెప్పింది.

నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఈ పిల్లకు తెలియని సంగతి, వాళ్లమ్మకు కూడా లీలగా మాత్రమే తెలిసిన సంగతి ఏమిటంటే, ఒకప్పుడు కోదాడలో ఫ్రెంచి అంటే నేనే. పదకొండేళ్లు చెప్పాను. చేతిలో పత్తి అలాగే ఉంచుకుని లేచి వెళ్లి ఫోనులోకి తొంగిచూశాను. కళ్లజోడు లేకపోయినా గుర్తుపట్టాను. మాట్లాడటం అనే అర్థమున్న క్రియ, దాని ఆరు రూపాలు, నేను ఎర్ర పెన్సిలుతో ఎన్నివందలసార్లు గీతలు గీసి విడగొట్టానో ఆ క్రియే. పుట్టింటి మనుషులు ఎదురుపడ్డట్టయింది. మళ్లీ ఒకసారి పెట్టవే అన్నాను.

పెట్టింది. జ పార్ల్, త్యూ పార్ల్, ఇల్ పార్ల్. సరే, మొదటివి ఏదో యాసలే అనుకున్నాను. నూ పార్లొఁ, వూ పార్లే. చిట్టచివర ఆరో రూపం దగ్గర, ఇంత పొడుగున రాసి ఉన్నచోట, మళ్లీ అదే: ఇల్ పార్ల్.

“ఇది మింగేస్తున్నదే, చూడు. లెంట్ అని రాసి లేదా గాడ?”

“మింగాల్నే అమ్మమ్మా. గా చివరి అక్షరాలకు సప్పుడుండది.”

“రాసింది పలకనప్పుడు రాసుడెందుకే మరి?”

“నన్నడిగితే? పోయి ఆళ్లనడుగు,” అని కిలకిల నవ్వింది.

అది నవ్వుతూనే ఉంది. నా చేతిలో ఒత్తి నలిగి ఉండయిపోయింది. పదకొండేళ్లు, ఎంతమంది పిల్లలు, ఎన్ని గొంతులు! ఒక్క అక్షరం పోనివ్వకుండా, పోనిస్తే ఒప్పుకోకుండా, నేను చెప్పించినదంతా తప్పా?

ఆ మాట ఎందుకంత గట్టిగా తగిలిందో మీకు అర్థం కావాలంటే నేను చదువుకున్న తీరు చెప్పాలి. మా పుట్టిల్లు మిర్యాలగూడ. నాయన రైసుమిల్లులో గుమాస్తా. మిల్లుల ఊక దుమ్ము పడక నాకు చిన్నప్పుడే ఆయాసం పట్టుకుంది, బడిదాకా నడిస్తే పెదాలు నీలమయ్యేవి. అందుకని బడి లేదు. నాయనే సాయంత్రం మిల్లు నుంచి వస్తూ దోసెడు తవుడు తెచ్చి ఇత్తడి పళ్లెంలో పరిచి, నా వేలు పట్టుకుని దానిమీద అక్షరాలు రాయించేవాడు. పాఠం అయ్యాక ఆ తవుడు బర్రెకు పెట్టేవాళ్లం. మా ఇంట్లో అక్షరం కూడా వృథా పోయేది కాదని నాయన వేళాకోళమాడేవాడు. ఆయన నేర్పిన రాతతోనే పదో తరగతీ, ఇంటరూ ఇంట్లో కూర్చుని చదివి, ప్రైవేటుగా కట్టి పాసయ్యాను.

రాత నాయనదైతే నోరు అమ్మది. అమ్మకు చదువు రాదు, సహస్రనామం మాత్రం వాళ్లమ్మ నోట విని నేర్చుకుంది. పొడుగాటి నామాలను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు తొడమీద ఒక్కో చరుపు చరుస్తూ నాచేత చెప్పించేది. ఎక్కడైనా తొందరపడి ఒక అక్షరం జార్చానా, మళ్లీ మొదటినుంచి. అక్షరం మింగితే స్వామి ముద్ద మనం మింగినట్టేనే అనేది. ఆ మాట నా నెత్తురులో కలిసిపోయింది. ఈ రెండు చదువులు తప్ప నాకు వేరే పెట్టుబడి లేదు. ఆ ఇద్దరికీ ఎన్ని జన్మలెత్తినా రుణపడే ఉంటాను.

పెళ్లయి కోదాడ వచ్చాను. మావారు సూర్యాపేట కోదాడ బస్సులో కండక్టరు. ఆ రోజుల్లోనే మా దగ్గరి ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు ఇంటరులో రెండో భాషగా ఫ్రెంచి పెట్టారు. తెలుగులో ఎంత రాసినా మార్కులు బిగబట్టి వేస్తారనీ, ఫ్రెంచిలో రాసినదానికి రాసినన్ని వేస్తారనీ పిల్లలు ఎగబడ్డారు. అయితే చెప్పేవాళ్లు లేరు. ఒక గైడు చేతిలో పెట్టి బట్టీ కొట్టుకోమన్నారు. పరీక్షంతా కాగితం మీదే, నోరు తెరవమని అడిగేవాళ్లే లేరు. మన దగ్గర ఒక భాషను ఒక్కసారైనా చెవితో వినకుండా నూటికి తొంభై తెచ్చుకునే విద్య ఉందని ఏ దేశంవాళ్లకైనా చెబితే నమ్ముతారో లేదో గానీ, మనకది మామూలు సంగతే.

పక్కింటి పిల్ల ఆ గైడు పట్టుకుని ఏడుస్తూ వస్తే, పుస్తకం చూసి నేర్చుకోవడం అలవాటైన దాన్ని కాబట్టి నాలుగు నెలలు ముందు నేను కూర్చున్నాను. వ్యాకరణం పట్టుబడింది. అయితే పిల్లలకు గుర్తుండాలి కదా! అప్పుడు అమ్మ పద్ధతి మనసుకు వచ్చింది. ప్రతి క్రియనూ ఎర్ర పెన్సిలుతో ముక్కలుగా విడగొట్టి, కింద తెలుగు అక్షరాల్లో రాశాను. రాసి ఉన్న ప్రతి అక్షరానికీ ఒక శబ్దం ఇచ్చాను, దేనికీ అన్యాయం చేయలేదు. మా వసారాలో చాపల మీద ఇరవైమంది కూర్చుని తొడలు చరుచుకుంటూ ఎత్తుకునేవారు: జె పర్-లె, టు పర్-లెస్, ఇల్ పర్-లె, నౌస్ పర్-లాన్స్, వౌస్ పర్-లెజ్, ఇల్స్ పర్-లెంట్! వీధిన పోయేవాళ్లు ఆగి మరీ వినేవారు. మా అత్తమ్మ మాత్రం, “ఏందమ్మా కోడలా, కోళ్లకు గింజలేసినట్టు ఆ లెంటు లెంటు గోల?” అంటూనే అందరికీ మజ్జిగ కలిపిచ్చేది. ఫలితాలు వచ్చాయి. తొంభైలు, తొంభై అయిదులు. నా పేరు పోయి ఫ్రెంచి టీచరమ్మ అన్న పేరు నిలిచింది.

వాళ్లందరిలో ఒక పిల్ల ఉండేది. చివ్వెంల వైపు నుంచి, గొర్లు కాసుకునే ఇంటినుంచి, మావారి బస్సులోనే రోజూ కోదాడ కాలేజీకి వచ్చేది. మంద వెంట తిరిగి కేకలు వేసిన గొంతు కదా, గంట కొట్టినట్టుండేది. మిగతావాళ్లు మార్కుల కోసం చదివితే ఈ పిల్ల ఆ భాషను ప్రేమించింది. డిగ్రీలో కూడా ఇదే చదువుతాననీ, ఫ్రెంచి పంతులమ్మనయి కోదాడలోనే కాలేజీలో కుర్చీ వేసుకుని కూర్చుంటాననీ అనేది. “అప్పుడు నువ్వు చాపల మీద కూసుండుడుండది టీచరమ్మా, నా పక్కన ఇంకో కుర్చీ ఏపిస్త,” అనేది. పండగకు వాళ్లమ్మ నేసిన గొంగడి తెచ్చి నా ఆయాసానికి కప్పుకోమని ఇచ్చింది. అదింకా నా మంచం మీదే ఉంది.

ఇక్కడే నా పాపం ఉంది. ఇన్నాళ్లూ దాన్ని పాపమని అనుకోలేదు, మొన్న ఆ ఫోను విన్నాకే తెలిసింది.

ఒకరోజు మావారు డ్యూటీ దిగి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు నీళ్లు నమిలి చెప్పారు. ఆరోజు బస్సులో మా పిల్లలు క్రియలు వల్లెవేసుకుంటూ వచ్చారట. విజయవాడ పోయే బస్సు సూర్యాపేటలో చెడిపోతే ఈ బస్సెక్కిన ఒక పెద్దాయన అదంతా విన్నాడట. ఆయనది యానాం. ఫ్రెంచివాళ్ల బళ్లో చదువుకున్న మనిషి.

“నీ పిల్లలు బాగ నేర్సిర్రంట గని, ఆ చివరి అక్షరాలు పలకొద్దంట. దిగెటప్పుడు నాతోని చెప్పిండు. ఇగో, టికెట్టెనక అడ్రసు రాసిచ్చిండు. మీ ఇంటావిడ్ని ఓ కార్డుముక్క రాయమనండి, అన్నీ వివరంగా రాసి పంపిస్తానండి అన్నడు.”

నాకు ఒళ్లు మండింది. బడి మెట్టు ఎక్కనిదాన్ననే కదా దారిన పోయేవాళ్లకు కూడా నేనంటే అలుసు అనిపించింది. రాసిన అక్షరం పలకొద్దని ఏ మంచి మనిషైనా చెబుతాడా, అక్షరద్రోహం కాదా అన్నాను. మావారు టికెట్టును పొయ్యిగట్టు మీద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు. నేను దాన్ని నీళ్లపొయ్యిలో వేశాను. అది మండేంత కాగితం కూడా కాదు, ఒకసారి ముడుచుకుని నల్లబడిపోయింది.

ఆ ఏడే ఆ పిల్లకు తొంభై ఎనిమిది వచ్చాయి. హైదరాబాదులో డిగ్రీలో ఫ్రెంచితోనే సీటొచ్చింది. వెళ్లే ముందు నా కాళ్లకు మొక్కి, నా ఎర్ర పెన్సిలు ముక్క అడిగి తీసుకుని వెళ్లింది. అంతే. ఉత్తరం లేదు, కబురు లేదు. సెలవులకు వచ్చినా మా గుమ్మం తొక్కలేదు. దాని చెల్లెలు మా వసారాకు వస్తూనే ఉండేది, అక్క బాగుందని మాత్రం చెప్పేది. పట్నం నీళ్లు పడ్డాక పల్లె పంతులమ్మ ఎందుకు గుర్తుంటుందిలే అని నేనూ మనసు గట్టి చేసుకున్నాను. కొన్నేళ్ల కిందట మిర్యాలగూడలో మా తమ్ముడి భార్య, నా దగ్గర చదువుకున్న ఆ చివ్వెంల పిల్లే మాడుగులపల్లి బడిలో తెలుగు టీచరుగా చేస్తూ తమ వీధిలోనే ఉంటోందనీ, మీ వదినెగారు బాగున్నారా అని నన్ను మరీమరీ అడిగిందనీ చెబితే, ఇన్నేళ్లకు గుర్తొచ్చానా అని మూతి ముడిచాను గానీ, ఫ్రెంచి అంటే ప్రాణం పెట్టిన పిల్ల తెలుగు టీచరు ఎందుకయిందని ఒక్కసారైనా ఆలోచించలేదు.

మొన్న ఫోను విన్న పూట ఆలోచించాను. ట్రంకుపెట్టె అడుగునుంచి నా పాత నోటుపుస్తకం తీయించి, ఒక్కో క్రియా మనవరాలిచేత ఫోనులో పలికించాను. నేను మాన్-జెంట్ అని చెప్పించినదాన్ని ఆ గొంతు మాఁజ్ అని తేల్చేసింది. ఫి-నిస్-సెంట్ కాస్తా ఫినిస్ అయి ఊరుకుంది. మనవరాలు పుస్తకం తిరగేసి, “అమ్మమ్మా, ముక్కలు ఇరగ్గొట్టుడు మాత్రం కరెక్టే. మా పుస్తకంల గూడ గిట్లనే గీతలున్నయి. ఒక్క సప్పుడే తప్పు,” అని ఓదార్చబోయింది. గీతలు సరిగ్గా ఉండి గొంతు తప్పయితే అది ఏం చదువమ్మా! రెండు రోజులు అన్నం సయించలేదు. సహస్రనామానికి కూర్చుంటే ప్రతి నామం దగ్గరా నాలుక తడబడింది. ఇది కూడా తప్పేనేమో, ఎవరు చూసొచ్చారు అన్న అనుమానం, నా జన్మలో మొదటిసారి, స్వామి ముందే వచ్చింది. మూడోనాడు మనవరాలిని తోడు తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ప్రార్థన: నావల్ల ఆ పిల్ల బతుకు చెడలేదని దాని నోట వినాలి. చెడితే, ఆ మాటైనా దాని నోటే వినాలి.

మా తమ్ముడి వీధిలో కిరాయి ఇల్లు. తలుపు తీసిన మనిషికి సగం జుట్టు నెరిసింది. కళ్లద్దాల వెనక నుంచి నన్ను చూసి, “అయ్యో టీచరమ్మా! ఆయాసం మనిషివి, గీ ఎండల ఎట్లొస్తివి? ఓ మాట చెప్తే నేనే రాకపోదునా!” అంటూ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆ గొంతు మాత్రం మారలేదు. నీళ్ల గ్లాసు అందుకోకుండానే, కూర్చోకుండానే అనేశాను.

“బిడ్డా, నేను నీకు తప్పు చెప్పిన. ఆ లెంట్లు, లాన్సులు అన్నీ తప్పంట.”

ఆమె మెల్లగా నవ్వింది.

“ఎన్నడు తెల్సింది టీచరమ్మా నీకు?”

అంటే ఆమెకు ఎప్పుడో తెలుసు. నేను తెలుసుకున్నది రెండు రోజుల కింద, ఆమె తెలుసుకున్నది హైదరాబాదులో కాలేజీకి వెళ్లిన మొదటి రోజు. నిలబడి చదవమంటే, మంద కాసిన గొంతుతో, వసారాలో చదివినట్టే చదివిందట. మూడో క్రియ దాటకముందే తరగతంతా బల్లలు చరిచి నవ్విందట. ఎవరు నేర్పారమ్మా నీకిది అని సారు కూడా నవ్వు ఆపుకుంటూ అడిగాడట.

“మరి నా పేరు చెప్పినవా?”

“ఎవలు నేర్పలె సార్, నాకు నేనే నేర్సుకున్న అన్న.”

వారం తిరక్కుండా ఫ్రెంచి మార్చుకుని తెలుగులో చేరిందట. మరి ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదే అన్నాను, ఎలా అన్నానో.

“చెప్తే నువ్వు తెల్లారే బంద్ పెడుదువు, నీ సంగతి నాకెర్క లేదా? నా ఎనక మా చెల్లె ఉండె, మా ఊరి పిల్లలుండిరి. ఆళ్లకు కావాల్సింది మార్కులు. పరీక్షల నోరెవలు అడుగుతరు? ఎదురుంగ నిలబడితే నా మొఖం చూసి పసిగడ్తవని రాలె. అంతే గని, మర్సిపోయి కాదు.”

నేను మంచం అంచున కూర్చున్నాను. ఇన్నేళ్లు నేను మోసిన కోపం ఎవరిమీద? అప్పుడు నాలో మిగిలిన ఒక్క మాటా చెప్పాలనిపించి, యానాం పెద్దాయన సంగతీ, పొయ్యిలో వేసిన టికెట్టు సంగతీ చెప్పాను. అది విని కోపం వస్తుందనుకున్నాను, రావాలని కూడా అనుకున్నాను. ఆమె మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆయన ముందుగాల నాతోనే చెప్పిండు టీచరమ్మా! నా పక్క సీటే. ‘అమ్మాయ్, ఆ చివరవి పలక్కూడదమ్మా, వినసొంపుగా ఉండదు’ అన్నడు. నాకెంత కోపమొచ్చిందో! ‘తాతా, నువ్వు ఊకో, మా టీచరమ్మకు నీకంటె ఎక్వ తెల్సు’ అని బస్సంత ఇనేటట్టు లొల్లి పెట్టుకున్న. పాపం, ఆ ముసలాయన చేతులు జోడించిండు. పట్నంల క్లాసు నవ్వినప్పుడు నాకు యాదికొచ్చింది ఆయనే. గప్పుడు నవ్వినోళ్లమీద గాదు, తాతను గట్లన్నందుకు ఏడ్సిన.”

ఆ లొల్లి సంగతి మావారు నాకు చెప్పకుండా దాచారన్నమాట. ఒకే మనిషి, ఒకే ప్రయాణంలో, మా ఇద్దరికీ దారి చూపబోయాడు. ఇద్దరమూ కాదన్నాం. ఆమె నామీద నమ్మకంతో కాదంది, నేను నామీద గర్వంతో కాదన్నాను. ఆమె పోగొట్టుకున్నది ఒక కుర్చీ. నేను పోగొట్టుకున్నది నాకు తెలియనే తెలియదు. అలా తెలియకుండానే ఇన్నేళ్లు దేవుడి ముందు కూర్చుని, తెలిసి ఎవరికీ చెడు చేయలేదు స్వామీ అని చెప్పుకుంటూ వచ్చాను.

టీ తాగుతుంటే మనవరాలు ఉండబట్టలేక, ఆ పాత పద్ధతిలో ఎట్లా చదివేవాళ్లో ఒక్కసారి చదవమని ఆమెను అడిగింది. ఆమె నా వైపు చూసింది, నేను తల ఊపాను. తొడమీద చెయ్యి చరుస్తూ ఎత్తుకుంది. జె పర్-లె, టు పర్-లెస్. నౌస్ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నాకు తెలియకుండానే లేచింది. ఇద్దరం కలిసి ఇల్స్ పర్-లెంట్ అని ముగించాం. మనవరాలు మొదట పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఇద్దరి మొహాలు చూసి మధ్యలోనే ఆపేసింది. వచ్చేటప్పుడు ఆమె బీరువాలోంచి ఒక చిన్న డబ్బా తీసి చూపించింది. అందులో నా ఎర్ర పెన్సిలు ముక్క, వేలి గోరంత మిగిలి ఉంది. మాడుగులపల్లి బళ్లో కొత్తగా చదువు పట్టుకునే పిల్లలకు తెలుగు మాటల్ని దానితోనే విడగొట్టి చెప్పేదట. అది అరిగిపోతుందని ఈమధ్యే దాచిందట.

తిరుగు బస్సులో మనవరాలు మళ్లీ చెవిలో తీగ పెట్టుకుని ఆ గొంతు వింటూ కూర్చుంది. ఈ తరం ఎంత అదృష్టం చేసుకుంది! సందేహం వస్తే జేబులోంచి తీసి అడుగుతారు, అది తప్పు లేకుండా చెబుతుంది, విసుక్కోదు, ఒకటికి పదిసార్లయినా పలుకుతుంది. యానాం దాకా కార్డు రాయనక్కర్లేదు. అందుకు దేవుడికి వేయి దండాలు. ఈ వయసులో నేనూ దాని దగ్గరే చదువుకుంటున్నాను. చివరి అక్షరాలు ఇంకా నా నాలుక దిగవు, “వదిలెయ్ అమ్మమ్మా, వదిలెయ్,” అని మనవరాలు కసురుతూనే ఉంది. రోజూ సహస్రనామం అయ్యాక, ఎవరి పేరూ ఊరూ చేజేతులా పొయ్యిలో వేసుకున్నానో ఆ పెద్దాయనకు ఒక నమస్కారం పెడుతున్నాను.

అయినా కిటికీ పక్కన కూర్చుని చివ్వెంల వైపు పోయే బస్సులు చూస్తుంటే ఒకటి అనిపిస్తుంది. ఆ ఫోను చెప్పేది తప్పని ఎవరైనా అంటే, మనవరాలు ఇంకో ఫోనులో చూసుకుంటుంది. దానికోసం నిండు బస్సులో లేచి నిలబడి, ముక్కూమొహం తెలియని ముసలాయనతో పోట్లాడదు. మా రోజుల్లో పాఠమే తప్పు. పోట్లాడిన ఆ గొంతు మాత్రం తప్పు కాదు. అంత నమ్మకానికి తగినదాన్ని నేను కాకపోతిని.